ఎకరానికి మురుగు దారి ఉంది, సెంటుకి లేదు

పోయినసారి దాళ్వా నారుమళ్ళ గురించి రాస్తానన్నాను. అది తర్వాత చూద్దాం. ఈసారి కొంచెం కంపు సంగతి, భోజనం ముందు కూర్చుని మాత్రం చదవకండి.

2008లో పెద్దమ్మాయి పెళ్ళికి రోడ్డు పక్కన 50 సెంట్లు అమ్మాను. కొన్నాయన దాన్ని 12 ముక్కలు చేశాడు. ముక్కకి మూడు సెంట్లు, మధ్యలో 20 అడుగుల రోడ్డు. రాళ్ళు పాతి రంగు వేస్తే మా వీధిలో వాళ్ళంతా "నీ చేను టౌనైపోయిందిరా" అన్నారు. నిజం చెప్పాలంటే నాక్కూడా గర్వంగానే ఉండేది. ఇప్పుడక్కడ 11 ఇళ్ళు. పన్నెండో ముక్కలో తుమ్మ మొలిచింది. ఆ ఇళ్ళన్నిటికీ వెనకవైపు నుంచి పీవీసీ గొట్టాలు బయటికొచ్చి, నాకు మిగిలిన ఎకరం ఇరవై సెంట్లకి నీళ్ళొచ్చే బోదెలోకి దిగాయి. కాలవ పారే రోజుల్లో తెలీదు. కాలవ కట్టేశాక చూడాలి, బోదె అడుగున నల్లటి జిగురు. నాట్లకొచ్చిన ఆడకూతుళ్ళు "ఆ మూల మడిలోకి మేం దిగం బాబాయ్, కాళ్ళు పాసిపోతన్నాయి" అంటున్నారు. రెండేళ్ళుగా ఆ మూల నేనూ మా ఆవిడా వేసుకుంటున్నాం.

ఆ ఇళ్ళవాళ్ళని తిట్టి ప్రయోజనం లేదు. వాళ్ళు నా మడిలోకి వదులుదామని కట్టుకోలేదు. ఇంకో దారి లేక వదిలారు. ఆ దారి చూడాల్సిన రోజున సంతకం పెట్టింది నేను. మరి ఆ రోజు నన్నెవరూ ఎందుకు అడగలేదు, నేనెవర్నీ ఎందుకు అడగలేదు అని ఆలోచిస్తే చాలా వెనక్కి పోవాల్సొచ్చింది.

కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తి చేశాడని మనందరం చిన్నప్పుడే చదువుకున్నాం. విగ్రహం లేని ఊరు తక్కువ. కానీ ఆ పనిలో తెలివి ఆనకట్టలోనే లేదు, కాలవ ఎక్కడ తవ్వాలో చూడడంలో కూడా ఉంది. డెల్టాలో ఏటి గట్ల వెంబడి నేల మెరక, ఏటికి దూరంగా పోయేకొద్దీ పల్లం. అందుకని సాగునీటి కాలవని మెరక మీద నడిపిస్తారు, మురుగు కోడుని పల్లంలో వదిలేస్తారు. చేను ఆ రెంటికీ మధ్యలో ఉంటుంది. పైనించి తూములో నీళ్ళొస్తాయి, కిందికి గండిలోంచి పోతాయి. మన పొలాల్లో ఏ చేనుకైనా ఈ రెండూ ఉన్నాయో లేదో చూడకుండా మన తాతలు కొనేవారు కాదు. గట్టు తగాదా కన్నా మురుగు తగాదాలే ఎక్కువ కోర్టుల దాకా వెళ్ళేవని మా తాతగారు చెప్పేవారు.

అయితే కాలవల మీద పెట్టిన శ్రద్ధ మురుగు కోడుల మీద పెట్టలేదు. వందేళ్ళు నీళ్ళు తెచ్చుకోవడమే గానీ పంపించడం సరిగ్గా చూసుకోలేదు. వానొస్తే సార్వా మునగడం, కోడులు పూడిపోవడం, సముద్రం పోటుకి నీళ్ళు వెనక్కి తన్నడం మామూలైపోయింది. 1960ల్లో మిత్రా కమిటీ వేసి కృష్ణా, గోదావరి డెల్టాల మురుగు సంగతి చూడమన్నారు. తర్వాత 1968లో డ్రైనేజీ సెస్సు చట్టం వచ్చింది. అంటే మురుగు కాలవలు తవ్వడానికి ఎకరానికింతని రైతు దగ్గరే వసూలు చేశారు. మా నాన్నగారు సణుక్కుంటూనే కట్టారు. ఇక్కడ నేను చెప్పదలుచుకున్నది ఏంటంటే, ఈ డెల్టాలో ఎకరం పొలానికి నీళ్ళు ఎలా రావాలి, ఎలా పోవాలి అనేదానికి నూట డెబ్బై ఏళ్ళ చరిత్ర ఉంది, కమిటీ ఉంది, సెస్సు ఉంది. అదే ఎకరాన్ని సెంట్లుగా కోసిన రోజు నుంచీ లెక్క ఆగిపోయింది.

ఊళ్ళు కూడా ఇలా ఉండేవి కాదు. గ్రామకంఠం ఎప్పుడూ మెరక దిబ్బ మీదే. ఎవరైనా పల్లంలో ఇల్లు కడితే వాడికి పొలం లేదని అర్థం. ఇంటి వెనక దొడ్డి, దొడ్లో నుయ్యి, నూతి గట్టు దగ్గర నీళ్ళు పోయే చోట నాలుగు కొబ్బరి చెట్లో అరటి పిలకలో ఉండేవి. వాడుకనీళ్ళన్నీ అవే తాగేసేవి. ఇంక అసలు సంగతికి మనవాళ్ళు పెట్టుకున్న మాటే చూడండి, "దొడ్డికెళ్ళడం". పేరుకే దొడ్డి. వెళ్ళేది కాలవ గట్టుకీ, పుంతకీ. ఆ రోజులు బాగుండేవని నేననను. మా అమ్మ, మేనత్తలు పొద్దుగూకే దాకా ఓర్చుకుని, చీకటి పడ్డాక నలుగురు కలిసి వెళ్ళేవారు. వానాకాలం పాముల భయం. కొన్ని పెద్ద మేడల్లో లోపలే కట్టుకున్న దొడ్లుండేవి, వాటిని చేత్తో ఎత్తి తట్టలో మోసుకెళ్ళే మనుషులు వెనక సందులోంచి వచ్చేవారు. వాళ్ళకి ముందు గుమ్మం లేదు. ఆ పనిని చట్టం నిషేధించింది 1993లో, మళ్ళీ గట్టిగా 2013లో. అంత ఆలస్యంగా.

చట్టాలంటే గుర్తొచ్చింది. మద్రాసు ప్రెసిడెన్సీలో మనమున్నప్పుడే 1939లో ప్రజారోగ్య చట్టం వచ్చింది. తాగునీటికి, మురుగుకి, మరుగుదొడ్లకి అందులో వేరువేరు అధ్యాయాలే ఉన్నాయి. కలరా, విషజ్వరం గోదావరి జిల్లాలకి చుట్టాల్లా వచ్చిపోయే రోజులవి. జనం తాగేది కాలవ నీళ్ళే గదా. ఇప్పటికీ కోనసీమలోనూ అటు నరసాపురం, భీమవరం వైపూ చాలా ఊళ్ళకి దిక్కు మంచినీళ్ళ చెరువే. వేసవిలో కాలవలు కట్టేసే ముందు ఆ చెరువు నింపుకుంటాం. కాలవ మీద పై ఊరివాడు ఏం వదిలితే కింద ఊరివాడు అది నింపుకుంటాడు. మా పైన కూడా ఊళ్ళున్నాయి, గట్టు వెంబడి నడిస్తే గొట్టాలు లెక్కపెట్టుకోవచ్చు. నేనొకసారి మొదలుపెట్టి నలభై దాటాక మానేశాను.

ఇంక సెప్టిక్ ట్యాంకు దగ్గరికొద్దాం. ఇది మనది కాదు. ఫ్రాన్సులో మూరా అనే ఆయన ఇంటి మురుగుకి మూసిన తొట్టి కట్టి 1881లో పేటెంటు తీసుకున్నాడు. 1895లో ఇంగ్లండులో ఎక్సెటర్ ఊళ్ళో డొనాల్డ్ కామెరాన్ అనే ఆయన ఇంకాస్త పెద్దది కట్టి సెప్టిక్ ట్యాంకు అని పేరు పెట్టాడు. దాని పని చాలా తేలిక. బరువైంది అడుక్కి దిగుతుంది, తేలికైంది పైన తెట్టు కడుతుంది, మధ్యలో నీళ్ళు అవతలికి పోతాయి. మనలో చాలామంది ఏమనుకుంటామంటే ఆ బయటికొచ్చే నీళ్ళు శుభ్రమైపోయాయని. కాలేదండీ. రోగం తెచ్చేవన్నీ అందులో అలాగే ఉంటాయి. వాటిని చంపేది తర్వాత నేల. గాలాడే పొడి మట్టిలోంచి మెల్లగా దిగుతుంటే మట్టిలోని సూక్ష్మజీవులు వాటిని తినేస్తాయి. అంటే సగం పని తొట్టిది, సగం పని నేలది. నేలకే దమ్ము లేకపోతే తొట్టి ఎంత పెద్దది కట్టినా ఒకటే. అయిదుగురున్న ఇంటికి మన దేశపు ప్రమాణం అడిగే తొట్టి ఒకటిన్నర మీటరు పొడవు, ముప్పావు మీటరు వెడల్పు, మీటరు పైచిలుకు లోతు. అంతే. మా ఊళ్ళో పదడుగుల తొట్టి కట్టి అడుగు మాత్రం కాంక్రీటు వెయ్యకుండా వదిలేస్తారు, "భూమి లాగేసుకుంటుందిలే" అని. అలా కట్టింది సెప్టిక్ ట్యాంకు కాదు, మూతున్న నుయ్యి.

ఒరల గుంటలైతే మరీను. నుయ్యికి దింపే సిమెంటు ఒరలే లెట్రిన్ గుంటకీ దింపుతున్నాం. అదే తవ్వేవాళ్ళు, అదే లోతు, అడుగున అదే జల. ఒక ఒర వరసలోంచి తోడుకుని తాగుతాం, ఇంకో వరసలోకి వదులుతాం, రెంటికీ మధ్య ఒక ప్రహరీ గోడ. 2014లో స్వచ్ఛ భారత్ మొదలయ్యాక ఇంటికి 12,000 రూపాయల సాయంతో దొడ్లు వచ్చాయి. ఆడవాళ్ళ కష్టం తీరింది, ఆ మేలు నేను కాదనను. గోడలకి ఫొటోలు తీశారు, గుంట ఎంత లోతు, కింద జల ఎంత దూరం అని మా ఊళ్ళో కొలిచినవాళ్ళు లేరు.

కొలత లేదా అంటే ఉంది. ఐఎస్ 2470 అని భారతీయ ప్రమాణం 1960ల నుంచే ఉంది, 1985లో సవరించారు. రెండో భాగంలో చెప్పేదంతా తొట్టిలోంచి వచ్చిన నీళ్ళని ఏం చేయాలనే. ఇంకుడు గుంటగానీ ఇంకుడు కందకంగానీ తాగే నీటి నుయ్యికి, బోరుకి కనీసం 18 మీటర్లు దూరంగా ఉండాలి. అంటే 59 అడుగులు. ఇప్పుడు టేపు పట్టుకుని నా 50 సెంట్లలోకి రండి. మూడు సెంట్ల ప్లాటు 30 అడుగులు, 44 అడుగులు. మూల నుంచి మూలకి ఐమూలగా తాడు పట్టినా 53 అడుగులే! ఒక మూల బోరు, ఎదర మూల గుంట పెట్టినా చాలదు. పైగా మీ బోరు మూల పక్కింటివాడి గుంట ఉంటుంది. అయిదు సెంట్లలో మీ వరకూ కుదరచ్చు, పక్కవాడితో కుదరదు. కాబట్టి ఇది ఇల్లు కట్టేవాడు సరిచేసుకోగలిగే తప్పు కాదు. ముక్కలు కోసిన రోజునే జరిగిపోయిన తప్పు.

ఇంకో మాట కూడా ఉంది అందులో. వానాకాలం జల పైకొచ్చి భూమి మట్టానికి 180 సెంటీమీటర్ల లోపే, అంటే ఆరడుగుల లోపే ఉంటే మామూలు ఇంకుడు గుంట పనికిరాదు. నేల నీళ్ళు తాగే రకమైతే మట్టి దిబ్బ పోసి ఆ ఎత్తులో ఇంకించాలి. గట్టి రేగడి అయితే రాళ్ళు, కంకరతో వడపోత తొట్టి నేల మీదే కట్టి, ఆ వచ్చిన నీళ్ళని తోటకో కాలవకో వదలాలి. సార్వాలో ఆరడుగుల లోపు జల లేని ఊరు మన డెల్టాలో ఏదండీ? ఏటి గట్ల వెంబడి ఇసక గరువుల్లో ఎక్కడో ఉంటే ఉండాలి. అంటే ఆ పుస్తకం ప్రకారం మన ఊళ్ళలో కట్టిన గుంటల్లో చాలామటుకు కట్టకూడనివే.

మా మేనల్లుడు అమెరికాలో టౌనుకి దూరంగా అరెకరం కొనబోయినప్పుడు ఫోన్లో అన్నాడు, "మావయ్యా, ఇక్కడ నేల నీళ్ళు తాగుతుందో లేదో గుంట తీసి చూపిస్తేనే ఇల్లు కట్టనిస్తారు. తాగకపోతే ఆ స్థలానికి సగం ధర కూడా రాదు" అని. నాకు నవ్వొచ్చింది అప్పుడు. తర్వాత చదివితే తెలిసింది, వాళ్ళూ పుట్టుకతో తెలివైనవాళ్ళేం కాదు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక అక్కడ టౌన్ల చుట్టూ పొలాలు కోసి ఇళ్ళ మీద ఇళ్ళు కట్టేశారు, ప్రతి ఇంటికీ సెప్టిక్ ట్యాంకు. కొన్నేళ్ళకే బంకమట్టి నేలల్లో తొట్లు పొంగి పెరట్లో నిలిచాయి, బావులు పాడయ్యాయి. ఆ దెబ్బ తిన్నాకనే చాలాచోట్ల ముందు నేల పరీక్ష, తర్వాతే ప్లాటు అన్నారు. ఆ పరీక్ష 1920ల్లోనే న్యూయార్కులో హెన్రీ రయన్ అనే ఇంజినీరు తయారు చేసి పెట్టాడు. ఉన్న పరీక్షని వాడుకోడానికి వాళ్ళకీ ముప్పై ఏళ్ళ పైన పట్టింది.

మరి మన రూల్సులో ఏముంది? 2002లో గ్రామ పంచాయితీ లేఅవుట్, బిల్డింగ్ రూల్సు వచ్చాయి. 2006లో వ్యవసాయ భూమిని వేరే పనికి మార్చుకునే చట్టం వచ్చింది, మనం నాలా అనేవాళ్ళం, అందులో ముఖ్యంగా ఉండేది భూమి విలువ మీద రుసుము లెక్క. 2017లో మళ్ళీ కొత్త లేఅవుట్ రూల్సు. రోడ్డు ఎన్ని అడుగులు, నూటికి పది వంతులు ఖాళీ స్థలం, ఆ రోడ్లూ ఖాళీ స్థలం పంచాయితీకి రాసివ్వడం, డ్రెయిన్లు, కరెంటు, నీళ్ళు, ఇవన్నీ చూస్తారు. మంచివే. అయినా మన పల్లెల్లో ఎంతమంది ఆ దారిన వెళ్ళారు? నేనమ్మిన ముక్కకి లేఅవుట్టే లేదు. సెంట్ల లెక్కన దస్తావేజులు రాసేశారు. ఇలాంటివాటిని క్రమబద్ధీకరించడానికి 2007 చివర్లో ఒకసారి, 2020లో ఒకసారి పథకాలొచ్చాయి. డబ్బు కట్టించుకుని కాగితం ఇచ్చారు. కాగితం సక్రమమైంది, గొట్టం మాత్రం బోదెలోనే ఉంది.

సర్కారు ఇచ్చిన ఇళ్ళ స్థలాలకీ ఈ లెక్క తప్పలేదు. 2020లో పల్లెల్లో సెంటున్నర ఇచ్చారు. సెంటున్నర అంటే 72 గజాల పైచిలుకు. గూడు లేనివాడికి అది పెద్ద వరమే, ఇవ్వద్దని నేననను. రాజమండ్రి పక్కన కోరుకొండ మండలం బూరుగుపూడిలో ఆవ భూములు కొని ఇళ్ళ స్థలాలకివ్వబోతే గొడవ హైకోర్టు దాకా వెళ్ళింది. ఆవ అంటేనే నీళ్ళు నిలిచే పల్లం, ఆ పేరు పెట్టినవాళ్ళు పిచ్చివాళ్ళు కాదు. గొడవంతా ముంపు గురించీ ధర గురించీ జరిగింది. ముంపు లేని ఏడాది కూడా అక్కడ గుంట తవ్వితే ఏమవుతుందో పెద్దగా ఎవరూ మాట్లాడినట్టు నాకు కనపడలేదు. ఏ పార్టీ వాళ్ళయినా అంతే. ఇంటి పునాదికి జెండా ఊపుతారు, దొడ్డి గుంటకి ఊపరు.

తొట్టి నిండితే ఏం చేస్తున్నామో కూడా రాయాలి. రెండు మూడేళ్ళకోసారి తోడించాలి. మా వైపు పదేళ్ళకి గానీ, పొంగితే గానీ లారీని పిలవరు. ఆ లారీ రాత్రిపూట ఎక్కడ వదులుతుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. నరసాపురంలో ఆ బురదని శుద్ధి చేసే ప్లాంటు పెట్టారు. అలాంటిది అన్నివైపులా ఉంటే బాగుండును. లారీ డీజిలు ఖర్చు కూడా చూసుకోవాలి గదా, దూరమైతే ఎవడు తీసుకెళ్తాడు.

ఇదంతా ఇప్పుడెందుకు తవ్వుతున్నానంటే మా బావగారి ఎకరం అరవై సెంట్లు బేరంలో ఉంది. నా చేనుకి ఎగువన. మంచి ధరే. అబ్బాయి చదువు అప్పులున్నాయి, అమ్మకుండా ఎలా ఉంటాడు? నేనైనా అమ్మద్దని చెప్పలేను, నేనమ్మాక ఆయన్ని ఆపే మొహం నాకు లేదు. అందుకని ఆ ప్రమాణంలో చెప్పిన పరీక్షే చేద్దామన్నాను. మే నెలాఖర్లో, కాలవ కట్టేసిన రోజుల్లో, చేలో మూడు చోట్ల మూడేసి అడుగుల గుంటలు తీశాం. అడుగున రెండంగుళాల కంకర, పైన అడుగు నీళ్ళు, రాత్రంతా నాననిచ్చాం. పొద్దున మళ్ళీ నీళ్ళు పోసి, కర్ర స్కేలు పెట్టి, 25 మిల్లీమీటర్లు, అంటే అంగుళం, దిగడానికి ఎంతసేపు పడుతుందో సెల్‌ఫోన్లో చూశాం. రోడ్డు వైపు కొబ్బరిచెట్ల దగ్గర మెరకలో 22 నిమిషాలు. మధ్య మడిలో 55. పల్లం వైపు గంట దాటి ఇరవై నిమిషాలైనా అంగుళం దిగలేదు. గంట దాటితే ఆ నేలలో ఇంకించకూడదని పుస్తకం. బావగారు గట్టు మీద కూర్చుని, "ఇన్నేళ్ళు వరికి నీళ్ళు నిలిచే చేనని మురిసిపోయాం గదరా, అది దోషమైపోయిందా ఇప్పుడు" అన్నాడు.

దోషం కాదు. వరికి గుణం, ఇంటికి దోషం. నేల ఒకటే.

దాన్ని బట్టి కొనేవాళ్ళకి మేం చెప్పింది ఇది. మెరక వైపు ఎనిమిది సెంట్లు ముందే విడదీసి పెట్టండి, ప్లాట్లన్నిటికీ కలిపి అక్కడ ఒకే తొట్టి, దాని పక్కన నేల మట్టానికి పైన కంకర వడపోత, అందులో మెట్టతామర మొక్కలు, ఆఖర్న వచ్చే నీళ్ళు మురుగు కోడులోకే గానీ సాగు బోదెలోకి రాకూడదు. పల్లం నుంచి మెరక్కి పంపడానికి చిన్న మోటారు కావాలి, దాని కరెంటు బిల్లు ప్లాట్లవాళ్ళంతా వేసుకోవాలి. ఇదంతా అగ్రిమెంటులో రాయాలి. లెక్క కూడా చూపించాను. ఇంటికి అయిదుగురు, మనిషికి జల్ జీవన్ వాళ్ళు చెప్పే 55 లీటర్లు అనుకున్నా, నా 11 ఇళ్ళ నుంచే రోజుకి మూడు వేల లీటర్ల పైన. నెలకి 90 వేలు. మీ చేలో ముప్పై ప్లాట్లు దాటుతాయి, అదంతా ఎక్కడికి పోవాలి అని అడిగాను. కొనడానికొచ్చినాయన మంచిగానే మాట్లాడాడు. "ఎనిమిది సెంట్లంటే మూడు ప్లాట్లండీ, ఆ నష్టం ధరలో తగ్గించుకోవాలి మరి" అన్నాడు. ఎంత తగ్గిస్తాడో చెప్పాడు. అది చిన్న మొత్తం కాదు. మా అక్క ముఖం చూశాను, ఏం మాట్లాడలేకపోయాను.

ఆ మూడు గుంటలు పూడ్చలేదు. అక్టోబర్ వానల తర్వాత వెళ్ళి చూశాం. మెరకలో గుంట అడుగున చెమ్మ. మధ్యదాన్లో మోకాలి లోతు నీళ్ళు. పల్లం గుంటలో మేం పోయకుండానే కింద నుంచి ఊరి అంచుకి జానెడు దాకా వచ్చేశాయి, కప్పలు గుడ్లు పెట్టాయి. కొనేవాళ్ళు ఆదివారం మళ్ళీ వస్తామన్నారు, బావగారు ఇంకా అడ్వాన్సు తీసుకోలేదు. ఈ లోపు మీలో ఎవరైనా చేను అమ్మేటప్పుడు అగ్రిమెంటులో మురుగు సంగతి రాయించుకున్నవాళ్ళుంటే ఆ కాగితం ఎలా రాశారో కింద పెట్టండి, ఆదివారంలోపు మాకు పనికొస్తుంది.